ఒకటిన్నర కాదు, నాలుగింతలు

నన్ను ఒక ఇంజనీరు నిండు గదిలో “మీరు డిప్లొమా కదా” అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఒకతను కిటికీలోంచి బయటికి చూశాడు. మిగతావాళ్ళు ఏమీ విననట్టు కాగితాలు తిరగేశారు. పాతికేళ్ళు దాటింది. నవ్విన ఇద్దరిలో ఒకతను తర్వాత తన కూతురి పెళ్ళికి పిలిచాడు, శుభలేఖ ఇంటికి తెచ్చి ఇచ్చాడు. నేను వెళ్ళలేదు. మా ఆవిడ ఒక్కతే వెళ్ళి వచ్చింది.

ఇప్పుడు ఇది ఎందుకంటే, భూమి అదురు కొలిచే మా పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను ఏదైనా రాయమన్నారు. “మీరు సాధించింది ఏదైనా రాయండి సార్” అన్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను సాధించింది ఒకటుంది. నా పైవాళ్ళందరూ ఒక లెక్క తప్పు కట్టినప్పుడు నేను ఒక్కణ్ణే సరిగ్గా కట్టాను. దాన్ని గురించే రాస్తున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మా సంస్థ చిన్నది. అమీర్‌పేటలో ఒక ఎక్స్‌రే సెంటరు పైన రెండు గదులు. అందులో ఒక డైరెక్టరు, ఒక టైపిస్టు, టెక్నీషియన్లం ఇద్దరం, యంత్రాలు రెండు. క్వారీల్లో, కొత్త కట్టడాల దగ్గర మందు పెట్టి బండ పేల్చినప్పుడు చుట్టుపక్కల నేల ఎంత అదిరిందో కొలిచి కాగితం మీద రాసివ్వడం మా పని. యంత్రం చిన్న సూట్‌కేసంత ఉండేది. దానికి తీగతో కట్టిన ఇనుప గుబ్బను నేలలో పాతితే, నేల అదిరినప్పుడల్లా పెట్టెలోంచి ఒక చీటీ వచ్చేది. చీటీ మీద గీత ఎంత ఎత్తుకు ఎగిరిందో చూసి మేము లెక్క కట్టాలి.

ఆ రోజుల్లో మాదాపూర్ నుంచి బోరబండ వైపు ఎటు చూసినా రాతిగుండ్లే. గుండ్ల మధ్య సీతాఫలం పొదలు. గుండ్రటి పెద్ద భవనం ఒకటి అప్పుడే లేచింది, దాని చుట్టూ ఇంకా లేవబోయే భవనాలకు గోతులు తవ్వుతున్నారు. అలాంటి గోతుల్లో ఒకదానికి మమ్మల్ని పెట్టుకున్నారు. నేలకింద రెండు అంతస్తులు కార్లు నిలపడానికి కావాలట, అంతా గట్టి బండ. గోతి అంచు నుంచి అరవై అడుగులు వేస్తే రాళ్ళు కొట్టేవాళ్ళ బస్తీ. నలభై ఇళ్ళు. మొదటి ఇంటికి ముందే చర్చి వాళ్ళ దవాఖాన. రెండు గదులు, రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన గోడలు, పైన రేకులు.

ఆ దవాఖానను నడిపేది ఒక నర్సమ్మ. యాభై దాటిన మనిషి, గుంటూరు వైపు నుంచి పెళ్ళయి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. డాక్టరు నెలకొకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఆవిడే. నెలకొక బుధవారం పసిపిల్లలకు టీకాలు వేసేది. బస్తీ నుంచీ, అటు బోరబండ స్టేషను దగ్గరి గుడిసెల నుంచీ తల్లులు వచ్చి వరసలో కూర్చునేవారు.

మొదటి తప్పు మా డైరెక్టరుది. అది నేను ఆనాడే చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. ఇలాంటి పేలుళ్ళకు ఇంటి గోడ దగ్గర నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో అదిరిందో చెప్పాలి. అది ఒక్కటే పనికొచ్చే సంగతి. కానీ లాతూరు భూకంపం తర్వాత జనానికి ఒక్క అంకె మాత్రమే తెలుసు, పత్రికల్లో వచ్చే అంకె. అందుకని ప్రతి పేలుడునూ భూకంపం అంకెలోకి మార్చి చెప్పడం మా డైరెక్టరు మొదలుపెట్టాడు.

“కస్టమరుకు అర్థమయ్యేటట్టు చెప్పాలయ్యా. మిల్లీమీటర్లంటే ఎవడికి కావాలె?” అన్నాడు.

“ఆ అంకె పేలుడు ఎంత పెద్దదో చెబుతుంది సార్. పక్కింటి గోడ సంగతి చెప్పదు” అన్నాను.

“నీ పరేషాన్ నీది. బిల్లు పంపేది నేను.”

నా కాగితం మీద ‘చూశాను’ అని కూడా రాయలేదు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

ఈ అంకెలు కాంట్రాక్టరు మేనేజరుకు బాగా నచ్చాయి. బస్తీ జనానికి ధైర్యం చెబుదామని గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టించి, రోజూ మధ్యాహ్నం పేలుడు కాగానే సుద్దముక్కతో రాయించేవాడు. ‘నేటి పేలుడు 1.2. లాతూరు 6.2.’ ఇంత చిన్నది కదా అని జనం నిమ్మళంగా ఉంటారని అతని ఆలోచన. జనం ఇంకోలా లెక్క కట్టారు. 6.2ను 1.2తో భాగించారు.

నాలుగో రోజు నేను గుబ్బ పాతుకుంటుంటే బస్తీ పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. అరవై ఏళ్ళుంటాయి, వేళ్ళు రెండు రాతి కింద పడి పోయాయి. బస్తీలో నన్ను ‘మిషన్ సారు’ అనేవారు.

“ఏంది మిషన్ సారూ, లాతూరుల ఐదో వంతు మా నెత్తి మీదికి రోజూ తెస్తున్నరట? అక్కడ ఊళ్ళకు ఊళ్ళే పోయినయ్. ఐదు రోజులైతే మాకు గూడ పూరా లాతూరే గద?”

ఆయన వెనక పదిమంది ఉన్నారు. నర్సమ్మ కూడా ఉంది. అప్పటికే ఆవిడ భయపడి టీకాల బల్లను గదిలోంచి బయటికి మార్చి, తాటాకు పందిరి కింద పెట్టుకుంది. వాన వస్తే మందులన్నీ తడుస్తున్నాయి.

నాకు చెప్పాలనిపించింది. ఆఫీసులో వినేవాళ్ళు లేరు, ఇక్కడ పదిమంది నిలబడి అడుగుతున్నారు. నేలమీద పుల్లతో గీసి చెప్పాను. ఈ అంకెలు కూడిక మెట్లు కావు, హెచ్చవేత మెట్లు. ఒకటి నుంచి రెండుకు వెళ్తే నేల కుదుపు రెండింతలు కాదు, పదింతలు. రెండు నుంచి మూడుకు మళ్ళీ పదింతలు. ఇక లోపల విడుదలయ్యే శక్తి అయితే మెట్టుకు సుమారు ముప్పై రెండింతలు.

“మొదటి మెట్టు జానెడు అనుకో పెద్దయ్యా. రెండోది పది జానలు. మూడోది వంద జానలు.”

“గట్లుంటే అవి మెట్లెట్లయితయ్ సారూ, ఎవడెక్కుతడు?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లాతూరుకూ ఈ గోతికీ తేడా అయిదు మెట్లు కాబట్టి, ఇక్కడి పేలుడు లాతూరులో ఐదో వంతు కాదు, కుదుపులో లక్షో వంతు అని చెప్పాను. శక్తిలో అయితే మూడు కోట్లలో ఒక వంతు. ఆ మాట చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు తేటపడటం నేను చూశాను. ముఖ్యంగా నర్సమ్మ.

“లక్షో వంతాండీ?” అంది. “అయితే లోపలికి మార్చుకోవచ్చంటారా?”

“మార్చుకోండమ్మా. ఫికర్ లేదు.”

పెద్దాయన మాత్రం కదల్లేదు. “లక్షో వంతో కోటో వంతో, మంచిదే. గని లాతూరు లాతూరుల ఉన్నది. గీ గుంత నా గోడ కాడ్నే ఉన్నది గద సారూ. నా గోడకు ఎంత తగులుతున్నదో జెప్పు.”

నేను మా డైరెక్టరుకు రాసిచ్చిన కాగితంలో ఉన్నది సరిగ్గా ఆ మాటే. ఆయన చదువుకోలేదు, నేను చదివి రాశాను, అంతే తేడా. అయినా నేను ఆయనకు జవాబు చెప్పలేదు. జనం నా లెక్కను మెచ్చుకుంటున్నప్పుడు ఆయన అడ్డు తగిలినట్టు అనిపించింది. “పెద్దయ్యా, నీకు లెక్క ఎక్కలేదు” అన్నాను. మళ్ళీ నవ్వారు. ఆ సాయంత్రమే టీకాల బల్ల గదిలోకి వెళ్ళింది, గోతి వైపు గోడను ఆనించి.

ఆ గోడకు ముందునుంచే ఒక పగులు ఉంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది, ఇప్పటికీ చేస్తారనుకుంటాను. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్కను సిమెంటుతో అతికించి, దాని పక్కన తేదీ రాస్తాము. పగులు వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. విరగనంత కాలం గోడ నిలకడగా ఉన్నట్టు. ఆ గాజును నేనే అతికించాను. నర్సమ్మకు చూపించి, “ఇది విరిగితే నాకు చెప్పండి” అన్నాను. ఆవిడ రోజూ పొద్దున్నే దేవుడి పటానికి దండం పెట్టాక దాన్ని కూడా చూసేదట.

మూడు వారాలు ఇలా గడిచాయి. ఇక ఆ సోమవారం.

సైటు ఆఫీసు అంటే రేకుల షెడ్డు, మధ్యలో పొడుగాటి బల్ల. పొద్దున పదింటికి నన్ను పిలిచారు. సైటు ఇంజనీరు ముప్పై ఏళ్ళ కుర్రాడు, తెలివైనవాడే, కాదనను. పని వెనకబడిందని పైనుంచి ఒత్తిడి. అప్పటిదాకా బండలో తొలిచిన రంధ్రాలను విడతలు విడతలుగా పేల్చేవారు, ఒక దాని అదురు తగ్గాక ఇంకోటి. ఇకమీద మొత్తం వరసను ఒకేసారి పేల్చాలని అతని ప్లాను. శుక్రవారం నుంచి మొదలు. దానికి ముందు గురువారం మీటింగు. కంపెనీ పెద్దలు, ప్రభుత్వం తరఫు ఆఫీసరు ఒకాయన వస్తారు. వాళ్ళకు చూపించడానికి అంకె కావాలి.

“ఒకేసారి కొడితే మీ స్కేలు మీద ఎంత వస్తుందండీ?” అన్నాడు.

నేను అక్కడే నిలబడి లెక్క కట్టాను. కుర్చీలు రెండు ఖాళీగా ఉన్నాయి. “ఒకటీ పాయింట్ ఎనిమిది వస్తుంది సార్.”

“ఓకే. ఇప్పుడు వన్ పాయింట్ టూ. అంటే జస్ట్ ఒకటిన్నర రెట్లు. గోడలకేం కాదు.” నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

“కాదు సార్. ఆ అంకెలను భాగించకూడదు. తీసివేయాలి. తేడా సున్నా పాయింట్ ఆరు. అంటే కుదుపు నాలుగింతలు, శక్తి ఎనిమిదింతలు...”

“మీరు అంకె ఇవ్వండి చాలు. దాన్ని ఎలా వాడాలో మేము చూసుకుంటాం. మీరు డిప్లొమా కదా?”

తర్వాత ఏం జరిగిందో మొదటే చెప్పాను. ఇద్దరు నవ్వారు.

నేను బయటికి వచ్చి నా పెట్టె పక్కన కూర్చున్నాను. లాగరిథం పట్టికలు నాకు కంఠతా వచ్చు. నేను చదివిన పాలిటెక్నిక్‌లో లెక్కల పరీక్షకు నాకు తొంభై ఎనిమిది వచ్చాయి. ఆ కుర్రాడు ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చదివి మరిచిపోయిన పాఠం మీద నేను పదిహేనేళ్ళుగా అన్నం తింటున్నాను. అతనికి అక్కడే మళ్ళీ చెప్పవచ్చు. మా డైరెక్టరుకు ఫోను చేయవచ్చు. అవేవీ చేయలేదు. గురువారం మీటింగులో, పెద్దల ముందు, ఆఫీసరు ముందు చెబుదామని నిర్ణయించుకున్నాను. నా మాట తీసేసింది నిండు గదిలో. అది తప్పని తేలవలసింది కూడా నిండు గదిలోనే.

ఆ సాయంత్రం గ్రాఫు కాగితాలు కొన్నాను. అయిదు కాగితాలను నిలువుగా అతికించి, అడుగున 1.2 కు ఒక చిన్న కడ్డీ, పక్కన 1.8 కు దానికి నాలుగింతల కడ్డీ గీశాను. శక్తిని చూపడానికి ఇంకో వరస, ఎనిమిదింతలు. రంగు వేశాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదు. మా ఆవిడ చూసి, “ఇది ఎవరికి?” అంది. “తెలుసుకోవలసినవాళ్ళకు” అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం దవాఖానకు వెళ్ళాను, గాజు చూడటానికి. గాజు విరిగి ఉంది. మధ్యలో సన్నగా, జాగ్రత్తగా చూస్తే తప్ప కనబడనంత సన్నగా. రోజూ చూసే నర్సమ్మకు కూడా కనబడలేదు. అంటే 1.2 కే ఆ గోడ కదులుతోంది. నాలుగింతలైతే ఏమవుతుందో చెప్పడానికి పట్టికలు అక్కర్లేదు.

నాకు అప్పుడు కలిగింది భయం కాదు. ఈ మాట రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది. నాకు సంతోషం కలిగింది. గురువారానికి సాక్ష్యం దొరికింది. ఆ గాజును ఊడదీసి, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. పని పద్ధతి ప్రకారం ఖాళీగా ఉంచకూడదు కాబట్టి దాని చోట కొత్త గాజు అతికించి తేదీ రాశాను.

నర్సమ్మ దూది ఉండలు చేస్తోంది. “ఏంటండీ, గాజు మారుస్తున్నారు?” అంది.

“పాతదైపోయిందమ్మా.”

“ఈ వారంలో పెద్దవేమైనా ఉన్నాయాండీ? రేపు టీకాలు. ఈసారి ఎక్కువమంది వస్తారు.”

శుక్రవారం దాకా ఏమీ లేదని నాకు తెలుసు. అది నిజమే. కానీ ఆవిడకు నాలుగింతల సంగతి చెబితే పెద్దాయనకు తెలుస్తుంది, పెద్దాయనకు తెలిస్తే బస్తీ అంతా గేటు ముందు నిలబడుతుంది. అప్పుడు ఇంజనీరు ‘నేను ఒకటిన్నర అని ఎప్పుడన్నాను?’ అని తప్పించుకుంటాడు. గురువారం నా కాగితానికి పని ఉండదు. ఇదంతా నేను ఆ గుమ్మంలో నిలబడి, రెండు నిమిషాల్లో ఆలోచించుకున్నాను.

“గురువారం మీటింగులో అన్నీ తేలుతాయమ్మా” అన్నాను.

బుధవారం మధ్యాహ్నం నేను ఎప్పటిలాగే గేటు దగ్గర యంత్రం పెట్టుకున్నాను. పన్నెండున్నరకు మందు పెట్టే మేస్త్రీ తీగలు కలుపుతున్నాడు. చూస్తే అన్ని రంధ్రాల తీగలూ ఒకే పెద్ద తీగకు చేరుతున్నాయి.

“ఇదేంది మేస్త్రీ, అన్నీ ఒక్కటే సారా? శుక్రవారం గద?”

“నాకేం తెలుసు సారూ. ఇయ్యాలనే కొట్టుమన్నరు. రేపు పెద్దసార్లు వస్తరట, గుంత సాఫుగ కనబడాలెనట.”

ఇక్కడ నేను చేసింది చెబుతాను. గేటు నుంచి దవాఖాన ఎంత దూరమో, ఇంజనీరు కూర్చున్న షెడ్డూ అంతే దూరం, అటు ఒకటి ఇటు ఒకటి. నేను షెడ్డుకు పరుగెత్తాను.

“ఆపండి” అన్నాను. “ఆ గోడ పడుతుంది.”

“ఏ గోడ?” అన్నాడు. అతను నిజంగానే అడిగాడు. ఆ గోడ సంగతి అతనికి తెలియదు. చెప్పవలసినవాణ్ణి నేను.

నేను గోడ గురించి చెప్పలేదు. లెక్క గురించి చెప్పాను. “ఒకటిన్నర కాదని మీకు సోమవారమే చెప్పాను. నాలుగింతలు. మీరు వినలేదు.” అతను ఏదో అన్నాడు, నేను ఏదో అన్నాను. డిప్లొమా మాట నేనే మళ్ళీ ఎత్తాను. ఈలోపు బయట విజిల్ మొదటిసారి వినబడింది. మా సైటులో మూడు విజిళ్ళ తర్వాత పేల్చేవారు. అప్పుడు నేను దవాఖాన వైపు పరుగెత్తాను. ఇంజనీరు కూడా బయటికి వచ్చి చేతులు ఊపుతూ మేస్త్రీ వైపు పరుగెత్తాడు. మేస్త్రీ వాళ్ళు అప్పటికే బండల వెనక దాక్కున్నారు, అతను వాళ్ళెవరికీ కనబడలేదు.

నేను సగం దూరంలో ఉండగా చూశాను. దవాఖాన లోంచి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని బయటికి వస్తున్నారు. పెద్దాయన గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఎవరూ అరవడం లేదు. ఆయనకు ఎవరు చెప్పారు? తర్వాత అడిగాను.

“ఎవరు జెప్తరు సారూ? మందు పెట్టెటోళ్ళు రోజు నిలవడే తావు కాడ ఇయ్యాల నిలవడలే. ఇగో గింత దూరం ఎనకకు పోయిన్రు. ఎనకకు పోయిన్రంటె మందు ఎక్కువ పెట్టిన్రనే గద. చిన్నప్పటి సంది మా పని గదే.”

మనుషులు ఎంత దూరం జరిగారో చూసి పేలుడు పరిమాణం చెప్పగలిగిన మనిషి ఆయన. లెక్క ఎక్కలేదని నేను అన్నది ఆయన్నే.

తల్లులందరూ బయటికి వచ్చారు. నర్సమ్మ కూడా వచ్చింది. వచ్చి, వరస లెక్కపెట్టి, వెంటనే మళ్ళీ లోపలికి వెళ్ళింది. టీకా మందులు ఉన్న ఐసు పెట్టె లోపలే ఉండిపోయింది. ఆ పెట్టె పాడైతే ఆ పిల్లలకు మళ్ళీ నెల దాకా మందు రాదు. పెద్దాయన వద్దని పిలుస్తూనే ఉన్నాడు. మూడో విజిల్ ఆవిడ లోపల ఉండగా వినబడింది.

శబ్దం కన్నా ముందు కాళ్ళకు తెలిసింది. రేకులు ఎగిరి పడ్డాయి. గోతి వైపు గోడ ఒక్కసారిగా కూలలేదు. ముందు కొంచెం లోపలికి వాలి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత పడింది. రాళ్ళు కొట్టేవాళ్ళు నలభైమంది ఆ రాళ్ళను ఎత్తారు. అంత వేగంగా, అంత జాగ్రత్తగా రాయి ఎత్తడం నేను మళ్ళీ చూడలేదు. నర్సమ్మ బతికింది. కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. ఐసు పెట్టె ఆవిడ చేతుల్లోనే ఉంది, మూత కూడా ఊడలేదు. ఆ మధ్యాహ్నమే బోరబండ నుంచి ఇంకో నర్సును పిలిపించి, ఆ మందును పిల్లలకు వేశారు.

నేను గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి యంత్రం లోంచి చీటీ వేలాడుతోంది. గీత కొలిచాను. ఒకటీ పాయింట్ ఎనిమిది. దశాంశం కూడా తేడా లేదు.

గురువారం మీటింగు జరిగింది. నేను గ్రాఫు కాగితాన్ని గోడకు తగిలించాను, విరిగిన గాజును బల్ల మీద పెట్టాను. ప్రభుత్వం ఆఫీసరు లేచి వచ్చి కడ్డీలను దగ్గరగా చూసి, “వెరీ క్లియర్” అన్నాడు. ఇంజనీరు తల ఎత్తలేదు. నెలలోపు అతన్ని వేరే ఊరు పంపారు. పేలుళ్ళు ఆగిపోయాయి, తర్వాత బండను కోసే యంత్రాలు తెచ్చారు. మా డైరెక్టరు అప్పటినుంచి గుబ్బను గేటు దగ్గర కాకుండా దగ్గరి ఇంటి గోడ పక్కన పాతడం, మిల్లీమీటర్లలో రాయడం మొదలుపెట్టాడు. అది తన ఆలోచనే అని అందరికీ చెప్పుకున్నాడు. దాని మీద నేను మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

మీరు ఇప్పుడు ఫోను తెరిస్తే ఎక్కడో సముద్రంలో భూకంపం వచ్చిందని, అంకెతో సహా కనబడుతుంది. ఏడుకూ ఆరుకూ తేడా ఒకటే కదా అనుకోకండి. భాగించకండి, తీసివేయండి, ఆ తేడాను పది మీద ఘాతంగా ఎక్కించండి. ఈ పాఠం ఎవరైనా చెబుతారు. ఆ తర్వాత, ఆ లెక్క ఎవరి గోడకు సంబంధించిందో వాళ్ళకు అదే రోజు వెళ్ళి చెప్పండి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు అని రాయబోయాను. పెద్దాయన చెప్పాడు.

శనివారం నేను ఆసుపత్రికి వెళ్ళాను. గ్రాఫు కాగితం చుట్ట చంకలో పెట్టుకునే వెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో అప్పుడు నాకు చాలా సబబుగానే తోచింది. ఆవిడకు న్యాయం జరిగిందని, తప్పు ఎవరిదో తేలిందని చూపించాలనుకున్నాను. ఆవిడ మంచం మీద వెనక్కి ఆనుకుని ఉంది. కాళ్ళ మీద దుప్పటి కప్పారు, కుడి మోకాలి కింద అది చదునుగా ఉంది. మంచం అంచున కాగితం విప్పి పట్టుకున్నాను.

“ఇది రోజూ జరిగేది, ఇది మొన్న జరిగింది. వాళ్ళు ఒకటిన్నర రెట్లనుకున్నారమ్మా. నాలుగింతలని నేను ముందే లెక్క కట్టాను.”

ఆవిడ రంగు వేసిన కడ్డీలను కింది నుంచి పైదాకా చూసింది. చదువుకున్న మనిషి, వెంటనే అర్థమైంది.

“ముందే అంటే ఎప్పుడండీ?”

“సోమవారం.”

“మంగళవారం మా గదికి వచ్చారు కదండీ మీరు.”

“వచ్చానమ్మా.”

ఆవిడ కోపంగా చూస్తుందనుకున్నాను. కోపమైతే నాకు అలవాటే, ఎలా పుచ్చుకోవాలో, ఎన్నేళ్ళు దాచుకోవాలో తెలుసు. ఆవిడ కోపంగా చూడలేదు. ఏదో పని ఎలా చేసి ఉండాల్సిందో ఆలోచిస్తున్నట్టు కాసేపు కిటికీ వైపు చూసింది.

“చెప్పుంటే ఐసు పెట్టె పొద్దున్నే బయట పెట్టుకునేదాన్నండీ” అంది. “అంతే.”

నేను కాగితం చుట్టుకున్నాను.